మౌల్డు పార్టీది, పన్ను మన బిల్లులో: టాలీలో అమార్టైజేషన్ కూర్చిన తీరు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల పట్టుబడి మొదలైతే ప్లాస్టిక్ క్రేట్లకి ఎక్కడలేని గిరాకీ వస్తుంది. మామూలు క్రేట్లయితే బిల్లు వెయ్యడం ఎంతసేపు? చిక్కంతా పేరు పోసిన క్రేట్లతోనే. ప్రాసెసింగ్ కంపెనీ తన పేరు, గుర్తు క్రేటు పక్కన ఉబ్బెత్తుగా రావాలంటుంది. దానికి వేరే మౌల్డు (అచ్చు) కావాలి. ఆ మౌల్డు కంపెనీయే డబ్బు పెట్టి చేయించి ఉచితంగా మా షెడ్డుకి పంపుతుంది. అందుకని క్రేటు రేటు తగ్గించి అడుగుతుంది. బిల్లులో కనిపించే రేటు 240 రూపాయలు. పన్ను మాత్రం 252 మీద కట్టాలి. ఆ 12 రూపాయలు మౌల్డు ఖరీదులో ఒక్కో క్రేటుకి వచ్చే వంతు, దీన్నే అమార్టైజేషన్ అంటారు. వాటిని పార్టీ (కొనే కంపెనీ) దగ్గర వసూలు చెయ్యకూడదు, వాటి మీద పన్ను వదలకూడదు. ఈ మెలికని అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ టాలీ ప్రైమ్‌లో ఎలా పెట్టామో, ఎక్కడెక్కడ తేడా కొట్టిందో రాస్తున్నాను.

టాలీ తెరిచే ముందు పర్చేజ్ ఆర్డరు చదవాలి. ఉచితంగా మౌల్డు వచ్చిన ప్రతిసారీ అమార్టైజేషన్ కలపాలని లేదు. 2018 జూన్ 8న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ఇచ్చిన 47వ నంబరు జీఎస్టీ సర్క్యులర్ దీన్ని రెండు ముక్కలుగా తేల్చింది. మౌల్డు ఇవ్వడం కొనేవాళ్ళ బాధ్యత అని ఒప్పందంలో ఉంటే, వాళ్ళు ఉచితంగా ఇచ్చిన మౌల్డు విలువ మన సరుకు విలువలో కలపక్కర్లేదు. ఒప్పందం ప్రకారం మౌల్డు మనమే పెట్టుకోవాల్సి ఉండి, దాన్ని వాళ్ళు ఉచితంగా ఇస్తే మాత్రం అమార్టైజ్ చేసిన ఖర్చు కలపాలి. సీజీఎస్టీ చట్టం 15(2)(బి) చెప్పేది కూడా ఇదే: అమ్మేవాడు పెట్టాల్సిన ఖర్చు కొనేవాడు పెట్టి, అది ధరలో చేరకపోతే పన్ను విలువలో చేరుతుంది.

మా దగ్గరికొచ్చే ఆర్డర్లలో నూటికి తొంభై పాత కాగితం మీద కొత్త తేదీ వేసి పంపినవే. "టూలింగ్ అంతా వెండారుదే" అన్న వాక్యం ఎప్పటి నుంచో అందులో ఉండిపోతుంది. కింద ఇంకో చోట "మౌల్డు మేం పంపుతాం" అని ఉంటుంది. ఈ రెండూ ఒకే ఆర్డరులో కనిపిస్తే మనం సరిగ్గా రెండో ముక్కలో పడ్డట్టే. జీఎస్టీకి ముందు ఎక్సైజ్ రోజుల్లో పనిచేసిన అకౌంటెంట్లకి ఇక్కడే పొరపాటు జరుగుతుంది. 2000 నాటి వాల్యుయేషన్ రూల్స్‌లో ఆరో రూలు ప్రకారం కొనేవాళ్ళు ఉచితంగా ఇచ్చిన టూల్స్, డైలు, మౌల్డుల విలువ కలపడం అప్పట్లో అలవాటు. ఆ అలవాటుతోనే ఇప్పుడూ అన్నిటికీ కలిపేస్తారు, ఆర్డరు చదవరు.

ఇంకో సంగతి. రెండో ముక్కలో పడితే మౌల్డు కొన్నప్పుడు పార్టీ తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలులో కట్టిన పన్నుకి దొరికే మినహాయింపు) వెనక్కి కట్టాలని అదే సర్క్యులర్ చెబుతోంది. మౌల్డు ఖరీదు 18,00,000 అయితే 18 శాతం లెక్కన 3,24,000. ఇది చెప్పగానే పార్టీ ఆడిటరు గారు ఫోను చేస్తారు, సగం సార్లు ఆర్డరే మారిపోతుంది. మారితే మంచిదే, కిందదంతా చెయ్యక్కర్లేదు. కాకపోతే ఆ మార్పు ఇక ముందు వెయ్యబోయే బిల్లులకే. అప్పటికే వేసిన బిల్లుల సంగతి పాత ఆర్డరు ప్రకారమే తేల్చాలి.

కలపాల్సిందే అని తేలాక పీసుకి ఎంత అన్నది లెక్క. మౌల్డు ఖరీదు పన్ను కాకుండా 18,00,000. జీవితకాలం 1,50,000 క్రేట్లు. భాగిస్తే క్రేటుకి 12 రూపాయలు. ఇందులో రెండు చోట్ల జారతారు. మౌల్డు తయారుచేసినవాళ్ళు జీవితకాలాన్ని షాట్లలో, అంటే మిషను ఎన్నిసార్లు పోస్తుందన్న లెక్కలో చెబుతారు. క్రేటు మౌల్డు సింగిల్ కేవిటీ కాబట్టి షాటుకి ఒక పీసే, ఇబ్బంది లేదు. మూత మౌల్డు డబుల్ కేవిటీ అయితే షాటుకి రెండు వస్తాయి. దాన్ని షాట్లతో భాగిస్తే పీసు మీద రెట్టింపు పడుతుంది. రెండోది రిజెక్షను. చెడిపోయి మళ్ళీ గ్రైండింగుకి వెళ్ళే పీసు కూడా ఒక షాటు తిన్నదే. 3 శాతం రిజెక్షను అనుకుంటే బిల్లు అయ్యేవి 1,45,500, అప్పుడు పీసుకి 12 రూపాయల 37 పైసలు వస్తుంది. ఏ లెక్క పట్టుకున్నా ఫర్వాలేదు గానీ, కాస్ట్ అకౌంటెంటు చేత గానీ చార్టర్డ్ అకౌంటెంటు చేత గానీ ఒక సర్టిఫికెట్ తీసుకుని, మౌల్డు మారేదాకా అదే అంకె వాడాలి. మేం జీవితకాలాన్నే మంచి పీసుల్లో రాయించుకుని 12 దగ్గర ఆగాం. బిల్లు వేసేవాళ్ళకి పైసలు లేని అంకె హాయి.

ఇక టాలీ. లెడ్జర్లు రెండు కావాలి. ఒకటి చాలదు. ఎందుకు చాలదో తర్వాత చెబుతాను.

మొదటి లెడ్జరు పేరు "మౌల్డు అమార్టైజేషన్ కలుపు". గ్రూపు డైరెక్ట్ ఇన్‌కమ్స్. జీఎస్టీ అప్లికబిలిటీ దగ్గర నాట్ అప్లికబుల్. దీన్ని చూసి కంగారు పడొద్దు, ఈ లెడ్జరు మీద విడిగా పన్ను పడదని మాత్రమే దానర్థం. అసలు పని చేసేది "ఇంక్లూడ్ ఇన్ అసెసబుల్ వాల్యూ కాలిక్యులేషన్ ఫర్" అనే గడి. అసెసబుల్ వాల్యూ అంటే పన్ను లెక్కగట్టే విలువ. ఆ గడిలో జీఎస్టీ ఎంచుకోవాలి. ఎంచుకోగానే కింద రెండు ప్రశ్నలు తెరుచుకుంటాయి. అప్రోప్రియేట్ టు దగ్గర గూడ్స్, మెథడ్ ఆఫ్ కాలిక్యులేషన్ దగ్గర బేస్డ్ ఆన్ క్వాంటిటీ. మన అమార్టైజేషన్ పీసుల లెక్కన వచ్చింది కాబట్టి పంపకం కూడా పీసుల లెక్కనే జరగాలి.

రెండో లెడ్జరు "మౌల్డు అమార్టైజేషన్ తీసివేత". ఇదీ డైరెక్ట్ ఇన్‌కమ్స్ కిందే. జీఎస్టీ అప్లికబిలిటీ నాట్ అప్లికబుల్, అసెసబుల్ వాల్యూ గడి కూడా నాట్ అప్లికబుల్. అంతే. రెండూ ఒకే గ్రూపులో ఉండాలన్నది పట్టుదలగా చూసుకోండి. తీసివేత కదా అని దాన్ని ఇన్‌డైరెక్ట్ ఎక్స్‌పెన్సెస్‌లో పెడితే నికర లాభం మారదు గానీ, గ్రాస్ ప్రాఫిట్ ఆ మేరకు ఉబ్బిపోతుంది. బ్యాంకు వాళ్ళు గ్రాస్ మార్జిన్ చూసి ఇదేమిటని అడుగుతారు.

500 క్రేట్ల బిల్లు ఇలా పడుతుంది:

క్రేట్లు 500 × 240 = 1,20,000
మౌల్డు అమార్టైజేషన్ కలుపు = 6,000
సీజీఎస్టీ 9 శాతం = 11,340
ఎస్‌జీఎస్టీ 9 శాతం = 11,340
మౌల్డు అమార్టైజేషన్ తీసివేత = −6,000
పార్టీ ఇవ్వాల్సింది = 1,42,680

పన్ను 1,26,000 మీద 22,680 పడింది. కలపకపోతే 21,600 పడేది. తేడా 1,080, అంటే 6,000 మీద 18 శాతం. బిల్లు వేశాక కంట్రోల్+ఓ నొక్కి జీఎస్టీ ట్యాక్స్ అనాలిసిస్ తెరిస్తే ట్యాక్సబుల్ వాల్యూ 1,26,000 అని కనిపించాలి. పాత టాలీ ఈఆర్‌పీ 9 వాడేవాళ్ళకి ఆల్ట్+ఏ. ఈ ఒక్క అంకె సరిపోతే మిగతావన్నీ దారిలో ఉన్నట్టే.

ఇప్పుడు ఒక లెడ్జరు ఎందుకు చాలదో. మొదట మేం చేసింది అదే. "మౌల్డు అమార్టైజేషన్" అని ఒకటే పెట్టి, పన్నుకి పైన 6,000, పన్నుకి కింద మైనస్ 6,000 వేశాం. స్క్రీను మీద పన్ను 22,680 అనే కనిపించింది. ఎంటర్ కొట్టి సేవ్ చేశాక ఎవరో దాన్ని మళ్ళీ తెరిచి నెలాఖరున సేవ్ చేస్తే 21,600 అయిపోయింది. టాలీ తప్పేం లేదు. ఆ లెడ్జరులో అసెసబుల్ వాల్యూలో కలపమని మనమే చెప్పాం కాబట్టి పైనున్న 6,000ని కలిపింది, కింద ఉన్న మైనస్ 6,000నీ కలిపింది. రెండూ కలిస్తే సున్నా. మొదటిసారి సరిగ్గా రావడానికి కారణం, పన్ను లైను దగ్గరికి వచ్చేసరికి మైనస్ లైను ఇంకా పుట్టలేదు. పన్ను గడి అప్పటిదాకా ఉన్నదాన్ని చూసి లెక్క కడుతుంది. అందుకే కలిపే లైను ఎప్పుడూ పన్నుకి పైనే ఉండాలి. మరిచిపోయి కింద వేస్తే పన్ను పాత అంకె మీదే నిలిచిపోతుంది, మళ్ళీ ఆ పన్ను లైను మీదకి వెళ్ళి ఎంటర్ కొట్టుకుంటూ రావాలి. కొందరు అంత ఓపిక లేక పన్ను అంకెని చేత్తో కొట్టేస్తారు. వద్దు. జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) తీసేటప్పుడు ఆ బిల్లులన్నీ సరిచెయ్యాల్సినవిగా అన్‌సర్టెన్ ట్రాన్సాక్షన్స్‌లో కుప్పపడతాయి.

రోజుకి నాలుగు లారీలు పోయే సీజన్లో ఈ లైన్లన్నీ చేత్తో వెయ్యడం కుదరదు. సేల్స్ వోచర్ టైపులో ఒక క్లాసు (ముందే కట్టిపెట్టుకునే లైన్ల వరస) కట్టాం. అడిషనల్ అకౌంటింగ్ ఎంట్రీస్‌లో వరసగా: కలుపు లెడ్జరు, టైప్ ఆఫ్ కాలిక్యులేషన్ బేస్డ్ ఆన్ క్వాంటిటీ, వాల్యూ బేసిస్ 12. తర్వాత సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. తర్వాత తీసివేత లెడ్జరు, మళ్ళీ బేస్డ్ ఆన్ క్వాంటిటీ, వాల్యూ బేసిస్ −12. చివర రౌండాఫ్. క్లాసు పేరులోనే పార్టీ పేరు, మౌల్డు నంబరు పెట్టాం. బిల్లు వేసేవాళ్ళు 500 అని కొడితే మిగతావి వాటంతటవే పడతాయి. రాష్ట్రం బయటి పార్టీకి ఐజీఎస్టీతో వేరే క్లాసు.

క్లాసు కట్టాక కొత్త గొయ్యి ఒకటి ఉంది. బేస్డ్ ఆన్ క్వాంటిటీ అంటే ఆ బిల్లులో ఉన్న మొత్తం పీసులు. పేరు పోసిన క్రేట్లు 500, మామూలు క్రేట్లు 100 ఒకే బిల్లులో వేస్తే 600 పీసులకీ 12 చొప్పున 7,200 కలుపుతుంది. మామూలు క్రేట్లకి మౌల్డు మనదే, కలపడానికి ఏమీ లేదు. ఊరికే 216 రూపాయల పన్ను ఎక్కువ. క్లాసు లేకుండా చేత్తో 6,000 వేసినా, టాలీ దాన్ని అన్ని ఐటమ్‌లకీ పంచుతుంది. పన్ను రేటు అన్నిటికీ 18 అయితే మొత్తం చెడదు గానీ హెచ్‌ఎస్‌ఎన్ (సరుకు కోడ్) వారీ విలువలు చెడతాయి. రేట్లు వేరైతే పన్నే చెడుతుంది. బేస్డ్ ఆన్ వాల్యూ పెట్టుకున్నవాళ్ళు 1,20,000 క్రేట్లతో పాటు 5 శాతం సరుకు 30,000కి అదే బిల్లులో వేశారనుకోండి. 6,000లో ఐదో వంతు, అంటే 1,200 ఆ సరుకు మీదకి పోతుంది. 156 రూపాయల పన్ను తరిగిపోతుంది. కాబట్టి పేరు పోసిన క్రేట్లకి విడి బిల్లు. గోడౌన్ వాళ్ళు రెండు బిల్లులెందుకని గొణుగుతారు, గొణగనివ్వండి.

ఈ-వే బిల్లు (యాభై వేలు దాటిన సరుకుతో బండిలో ఉండాల్సిన పత్రం) దగ్గర ఎవరూ చూడని తిరకాసు ఒకటుంది. చిన్న లోడు, 170 క్రేట్లు, ఉండి ఊరి వైపు పోతోంది. 170 × 240 = 40,800. కలుపు 2,040. పన్ను విలువ 42,840, దాని మీద పన్ను 7,711 రూపాయల 20 పైసలు. బిల్లు కింద మొత్తం తీసివేత పోగా 48,511.20. యాభై వేలలోపే కదా అని బండిని వదిలేస్తారు. కానీ 138వ రూలు వివరణ ప్రకారం కన్‌సైన్‌మెంట్ విలువ అంటే సెక్షన్ 15 ప్రకారం వచ్చే విలువ, దాని మీద పన్నులు. అంటే 42,840కి 7,711.20 కలపాలి: 50,551.20. ఈ-వే బిల్లు ఉండాల్సిందే. పార్టీ ఇచ్చే డబ్బు చూసి కాదు, పన్ను విలువ చూసి తేల్చుకోవాలి. ఈ రేట్ల మీద 169 నుంచి 175 క్రేట్ల దాకా ఈ సందులో పడతాయి. మేం 160 దాటితే కళ్ళు మూసుకుని ఈ-వే బిల్లు తీస్తాం.

ఈ-ఇన్‌వాయిస్ (బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చెయ్యడం) వర్తించేవాళ్ళకి, అంటే 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల టర్నోవరు దాటినవాళ్ళకి, ఇంకో పరీక్ష. పోర్టల్ లెక్క సూటిగా ఉంటుంది: అసెసబుల్ విలువ, దానికి పన్నులు, ఇతర చార్జీలు కలిపి, బిల్లు మొత్తం మీద డిస్కౌంట్ తీసేసి, రౌండాఫ్ సరిచేస్తే మొత్తం విలువ రావాలి. మన 6,000 తీసివేత ఆ బిల్లు మొత్తం మీది డిస్కౌంట్ గడిలోకి వెళ్తేనే 1,42,680 కుదురుతుంది. ఐటమ్ వరసలో ఉండే డిస్కౌంట్ గడిలోకి వెళ్ళకూడదు, అది పన్నుకి ముందు తగ్గేది, వెళ్తే మళ్ళీ 1,20,000కే దిగుతాం. మొదటి బిల్లుని నేరుగా పంపకుండా జేసన్ ఫైలు ఎక్స్‌పోర్టు చేసి నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. అసెసబుల్ 1,26,000, పన్నులు 11,340 చొప్పున రెండు, డిస్కౌంట్ 6,000, మొత్తం 1,42,680. ఇవి కనిపించాకే పంపాలి. ఐఆర్‌ఎన్ (పోర్టల్ ఇచ్చే నమోదు నంబరు) వచ్చాక రద్దుకి 24 గంటలే గడువు. ఆ తర్వాత క్రెడిట్ నోటే గతి.

పార్టీ వైపు కూడా ఒక మాట ముందే చెప్పి ఉంచాలి. వాళ్ళ అకౌంటెంటు కొనుగోలు 1,20,000, పన్ను 22,680 అని వేసుకుంటాడు. జీఎస్టీఆర్-2బిలో (పోర్టల్ చూపే వాళ్ళ కొనుగోళ్ళ పట్టిక) మాత్రం ట్యాక్సబుల్ 1,26,000 అని వస్తుంది. పన్ను సరిపోతుంది, విలువ సరిపోదు. ఇవే రెండు లెడ్జర్లు వాళ్ళూ పర్చేజ్ వైపు పెట్టుకుంటే గొడవ ఉండదు. మేం బిల్లు నేరేషన్‌లో "మౌల్డు అమార్టైజేషన్ విలువ సెక్షన్ 15(2)(బి) కింద పన్ను లెక్క కోసం మాత్రమే, వసూలు లేదు" అని రాస్తాం. 1,080 ఎక్కువేశారేమిటని వచ్చే ఫోన్లు సగం దానితో తగ్గాయి.

వాపసు వచ్చిన సరుకుకి క్రెడిట్ నోటులోనూ ఇదే వరస. 20 క్రేట్లు తిరిగొస్తే 4,800, కలుపు 240, పన్ను 5,040 మీద 907.20, తీసివేత 240, పార్టీకి జమ 5,707.20. క్రెడిట్ నోటు వోచర్ టైపుకి విడిగా క్లాసు కట్టుకోవాలి, సేల్స్‌లో కట్టింది ఇక్కడ కనిపించదు.

అమార్టైజేషన్ కలపకుండా పోయిన పాత బిల్లులు ఉంటే సెక్షన్ 34(3) కింద డెబిట్ నోటు. 10,000 క్రేట్లకి 1,20,000 తప్పిందనుకుంటే పన్ను 21,600, దానికి తోడు సెక్షన్ 50 వడ్డీ ఏడాదికి 18 శాతం. సరుకు కదలదు కాబట్టి ఐటమ్ ఇన్‌వాయిస్ పద్ధతి కుదరదు. అకౌంటింగ్ ఇన్‌వాయిస్‌లో వెయ్యాలి. అక్కడ పైన చెప్పిన కలుపు లెడ్జరు పనికిరాదు, ఎందుకంటే అది వేరే ఐటమ్ మీద ఎక్కడానికే తప్ప తనకంటూ పన్ను రేటు లేనిది. జీఎస్టీ అప్లికబుల్ పెట్టి, హెచ్‌ఎస్‌ఎన్ 3923, రేటు 18 ఇచ్చి మూడో లెడ్జరు చెయ్యాలి. 1,20,000 వేసి, పన్ను పడ్డాక తీసివేత లెడ్జరుతో 1,20,000 తీసేస్తే పార్టీ ఇవ్వాల్సింది 21,600 మాత్రమే మిగులుతుంది. వడ్డీ మనదే, డెబిట్ నోటులో రాయం.

ఎంత కలిపామో, ఇంకా ఎంత మిగిలిందో లెడ్జరు బాలెన్సు చూసి చెప్పొచ్చనుకుంటారు. మొదటి ఏడాది చెప్పొచ్చు. డైరెక్ట్ ఇన్‌కమ్స్ లెడ్జరు కాబట్టి ఏప్రిల్ 1న సున్నా నుంచి మొదలవుతుంది, పోయినేడాది కలిపింది కనిపించదు. అందుకని మౌల్డుకి ఒక వరస చొప్పున ఎక్సెల్ రిజిస్టరు పెట్టాం: మౌల్డు నంబరు, సర్టిఫికెట్ తేదీ, ఖరీదు, పీసుల జీవితకాలం, పీసుకి ఎంత, ఈ నెల బిల్లు అయినవి, వాపసు, మిగిలిన పీసులు. నెలకోసారి జీఎస్టీఆర్-1కి ముందు కలుపు లెడ్జరు నెల మొత్తాన్ని 12తో భాగిస్తే ఆ నెల పీసులు రావాలి. రాకపోతే ఎవరో మామూలు క్రేట్లని ఆ క్లాసులో బిల్లు వేశారన్నమాట.

మౌల్డు చివరికొచ్చినప్పుడు క్లాసుని నమ్మొద్దు. రిజిస్టరులో 320 పీసులే మిగిలాయి, లోడు 500. క్లాసు తీరు ప్రకారం 6,000 కలుపుతుంది, కలపాల్సింది 3,840. మేం 320కి ఆ క్లాసుతో ఒక బిల్లు, మిగతా 180కి మామూలు బిల్లు వేసి, ఆ సాయంత్రమే క్లాసు పేరు ముందు "ముగిసింది" అని చేర్చాం. మౌల్డు ఇంకా పనిచేస్తూనే ఉంది, క్రేట్లు వస్తూనే ఉన్నాయి, పన్ను మాత్రం ఇప్పుడు 240 మీదే. అదే పార్టీ తర్వాత రెండో సైజు మౌల్డు పంపింది. ఈసారి ఆర్డరులో "మౌల్డు కొనుగోలుదారు బాధ్యత" అని రాయించాకే దాన్ని బండి దించాం.